కుడివైపు మీ అక్కది

కొత్త స్టీలు కంచం కొంటే, సరిగ్గా నడిమధ్యన కంపెనీవాడు ఒక స్టిక్కర్ అంటించి ఇస్తాడు. అది ఊడదు. గోరుతో గీకితే పైన కాగితం వస్తుంది, కింద జిగురు ఉండిపోతుంది. కొబ్బరినూనె రాసి రుద్దితే నూనె పోతుంది, జిగురు ఉండిపోతుంది. మా ఇంట్లో అలాంటి కంచం ఒకటుంది. పప్పన్నం అయిపోయి మజ్జిగలోకి వచ్చేసరికి దాని అడుగున 'ఫుడ్ గ్రే' అన్నంతవరకూ కనపడుతుంది. మిగిలిన అక్షరాలు నేను ఈపాటికి తినేసి ఉంటాను. తినే కంచానికి తినదగినదని చీటీ ఎందుకో, దానికి అంత జిగురెందుకో ఎవర్నడగాలో తెలియక ఊరుకున్నాను.

మా బావగారు, అంటే మా అక్క భర్త, రామచంద్రపురం దగ్గర రైతు. వరిచేలు, గట్ల మీద కొబ్బరిచెట్లు. ఆయన దగ్గర ఒక బైనాక్యులర్ ఉంది. రైతుకి బైనాక్యులర్ ఏంటండీ అని ఊళ్ళోవాళ్ళు మొదట్లో అడిగేవారు. కొబ్బరికి తెల్లదోమ పట్టిన ఏడు కొన్నారాయన. ఆ దోమ ఆకు అడుగున చేరుతుంది. కింద నిలబడి చూసినవాడికి ఆకు పచ్చగానే ఉంటుంది, తీరా నల్లటి మసి కమ్మేశాక గానీ సంగతి తెలియదు. దింపు తీసే మనిషిని పైకెక్కినప్పుడు కాస్త ఆకులు కూడా చూడవయ్యా అంటే, దిగొచ్చి "బానే ఉన్నాయండి" అనేవాడు. అతను ఎక్కింది కాయల కోసం, ఆకుల పరామర్శకి కాదు. దాంతో బావగారు రాజమండ్రి వెళ్ళి, షాపువాడు చూపించిన వాటన్నిటిలోకీ బరువైనది ఏరి తెచ్చుకున్నారు. విదేశీ కంపెనీది. మంచి వస్తువు బరువుగా ఉంటుందని ఆయన నమ్మకం.

వచ్చిన వారానికల్లా అది సగం మా అక్కదైపోయింది. 'దూరం కళ్ళజోడు' అనేది దాన్ని. సాయంత్రం డాబా ఎక్కి, పిట్టగోడకి మోచేతులాన్చి చూసేది. ఎవర్ని చూస్తున్నావంటే పక్షుల్ని అనేది. పక్షులుండేవి, కాదనను. నీళ్ళు పెట్టి దమ్ము చేసిన చేలల్లో బోలెడన్ని కొంగలు వాలేవి. కానీ కాలవ అవతల డాబా మీద ఎవరు ఏ వడియాలు ఎండబెట్టారో, ఎవరి కోడలు ఫోన్లో ఎంతసేపు మాట్లాడిందో కూడా కొంగలే వచ్చి చెప్పినట్టు మా అక్కకి తెలిసిపోయేది.

నేను మండపేటలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తాను. డిగ్రీలో స్పెషల్ ఇంగ్లీషు చదివాను. ఆ ఇంగ్లీషుతో ప్రస్తుతం లారీల నంబర్లు రాస్తున్నాను. ఆదివారాలు స్కూటరేసుకుని అక్కావాళ్ళింటికి వెళ్ళడం అలవాటు. కాలవగట్టు మీద మలుపు తిరగ్గానే డాబా దూరంగా అగ్గిపెట్టంత కనపడేది. అక్కడ అక్క ఉందో లేదో నాకు కనపడేది కాదు. అయినా చెయ్యెత్తి ఊపేవాణ్ణి. నేను ఇల్లు చేరేలోపు ఆవిడ కిందికి దిగి కాఫీ కలిపేసేది. గుమ్మంలో గ్లాసు చేతికిస్తూ, "గడ్డం గీసుకోలేదేంట్రా, మలుపు దగ్గరే కనపడింది" అనేది. నన్ను అంత దూరం నుంచి అంత దగ్గరగా చూసిన మనిషి ఇంకొకరు లేరు.

ఈ బైనాక్యులర్ గురించి ఒక్క సంగతి చెప్పాలి. రెండు గొట్టాలకీ కలిపి మధ్యలో ఒక చక్రం ఉంటుంది, అది తిప్పితే మసక పోయి దూరంగా ఉన్నది తేటగా కనపడుతుంది. అది కాక, కుడికన్ను ఆనించే చోట ఇంకో సన్నటి రింగు ఉంటుంది. మనిషికి రెండు కళ్ళూ ఒక్కలాగా ఉండవు కదా, ఆ తేడాని ఆ రింగు తిప్పి సరిచేసుకోవాలి. ఒకసారి సరిచేసుకుంటే మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. ఇంట్లో ఒక్కరే చూస్తే. మా అక్కకి కుడికంటి చూపు మందం. ఆవిడ తన కంటికి తగ్గట్టు రింగు తిప్పుకునేది. మర్నాడు బావగారు తోటలోకి పట్టుకెళితే ఆయనకి ఆకులన్నీ మంచులో ఉన్నట్టుండేవి. తిట్టుకుంటూ తన కంటికి తిప్పుకునేవారు. సాయంత్రం ఆవిడకి కొంగలు మంచులో ఉండేవి. కాపురంలో వాళ్ళకి వేరే పెద్ద గొడవలేం ఉన్నట్టు నాకు తెలియదు. ఇదొక్కటీ మాత్రం ఏ రోజుది ఆ రోజు జరిగేది.

చివరికి అక్క తగువు తీర్చింది. తన కంటికి రింగు సరిగ్గా తిప్పుకుని, రెండు చిన్న ఎర్ర స్టిక్కర్ బొట్లు తీసి, ఒకటి రింగు మీద, రెండోది దానికి ఎదురుగా గొట్టం మీద అంటించింది. "ఈ రెండు బొట్లూ ఎదురెదురుగా ఉంటే నా కన్ను. మిగతా టైములో మీరు ఎలాగైనా తిప్పుకోండి" అంది. అప్పట్నుంచి ఆయన తిప్పుకోవడం, ఆవిడ బొట్టుకి బొట్టు కలుపుకోవడం. కంపెనీవాడు ఆ రింగు మీద అంకెలూ గీతలూ వెయ్యనే లేదు, మధ్యలో ఒక చుక్క తప్ప. ఆ పని మా అక్క చేసిపెట్టింది.

ఆవిడ కిందటి కార్తీకంలో పోయింది. గుండె. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి స్టూలు మీద కూర్చుంది. పాలు పొంగాయి, ఆవిడ లేవలేదు. పాలు పొంగుతుంటే మా అక్క లేవకపోవడం అదే మొదటిసారి.

వచ్చినవాళ్ళందరూ పసుపు కుంకుమలతో వెళ్ళింది, అదృష్టవంతురాలు అన్నారు. ఆ లెక్కన దురదృష్టవంతుడు ఎవరన్నది ఎవరూ పైకి చెప్పలేదు. బావగారు అందరికీ తలూపి, కుర్చీలు సరిపోయాయా అని నన్నడిగారు.

తర్వాత ఆ ఇంట్లో పెద్దగా ఏమీ మారలేదు. అక్క రాత్రి పడుకునేముందు బొట్టు తీసి బీరువా అద్దానికి అంటించేది. పొద్దున్న ఒక్కోసారి అదే పెట్టుకునేది, ఒక్కోసారి కొత్తది. అలా అద్దం అంచున ఒక వరస పోగయింది. పనిమనిషి ఇప్పటికీ వాటి చుట్టూ తుడుస్తుంది. ఎవరూ చెప్పలేదు ఆవిడకి. నేను ఆదివారాలు వెళ్ళడం మానలేదు. మలుపు దగ్గర చెయ్యెత్తడం మాత్రం మానేద్దామని ప్రతిసారీ అనుకుంటాను. చెయ్యి నా మాట వినదు. ఇంటికి వెళ్ళాక కాఫీ బావగారూ నేనూ కలిసి పెట్టుకుంటాం. మా ఇద్దరి చేతుల్లో పడి అది కాఫీలాంటిదేదో అవుతుంది.

ఒక ఆదివారం నేను డాబా మీదికి వెళ్ళేసరికి ఆయన బైనాక్యులర్ పట్టుకుని చెట్ల వైపు చూస్తున్నారు. కుడికన్ను గట్టిగా మూసుకుని, ఎడమకంటితోనే. మొహం ఒక పక్కకి లాక్కుపోయి, అదేదో పుల్లటిది తిన్నట్టుంది. రెండు కళ్ళు పెట్టి తయారుచేసిన వస్తువుని ఒక కన్నుతో వాడ్డమేంటి బావగారూ, సగం డబ్బులు వెనక్కిస్తారేమో కనుక్కోనా అన్నాను. ఆయన కళ్ళ దగ్గర్నుంచి తియ్యకుండానే, "కుడివైపు మీ అక్కది" అన్నారు.

చూస్తే రెండు బొట్లూ ఎదురెదురుగా ఉన్నాయి. ఆవిడ చివరిసారి కలిపి పెట్టిన చోటే. ఆయన తిప్పలేదు. నేను కొంగల గురించి ఏదో మాట్లాడాను.

అది కిందపడింది ఈ వేసవిలో. పిట్టగోడ మీద పెట్టి ఉండగా ఫోన్ మోగింది. లోన్ కావాలా సర్ అని ఎవరో అమ్మాయి. ఆయన అటు తిరిగి అక్కర్లేదమ్మా అని మర్యాదగా చెబుతుంటే మోచేతికి పట్టీ తగిలి, బైనాక్యులర్ కింద బట్టలుతికే రాయి మీద పడింది. కుడివైపు గీత కూడా పడలేదు, బొట్లు ఉన్నచోటే ఉన్నాయి. దెబ్బంతా ఎడమవైపు. లోపల ఏదో ఊడి, ఊపితే గలగలమంటోంది. అందులోంచి చూస్తే కొబ్బరిచెట్టు మొదలు మాత్రం కనపడి, మొవ్వు ఉండాల్సిన చోట చీకటి. అంటే ఆయన వైపు పోయింది, ఆవిడ వైపు మిగిలింది. ఆవిడ వైపు నుంచి ఆయనకి ఏదీ సరిగ్గా కనపడదు.

రామచంద్రపురంలో కళ్ళజోళ్ళ షాపాయన అటూ ఇటూ తిప్పి చూసి, విప్పుతాను గానీ మళ్ళీ బిగిస్తానని మాటివ్వలేనండి, కంపెనీకే పంపించండి అన్నాడు. నిజాయితీపరుడు. విప్పమని ఉంటే మిగిలినది కూడా పోయేది.

కంపెనీవాళ్ళకి ఫోన్ చెయ్యడానికి నన్ను పిలిచారు, ఇంగ్లీషు చదివానని. మోడల్ నంబర్, సీరియల్ నంబర్ కావాలంటారని అట్టపెట్టె వెతికాం. బీరువాలో ఉంది. తెరిస్తే నిండా పిన్నీసులు, జడపిన్నులు, రకరకాల సైజుల బొట్టు పాకెట్లు. వారంటీ కార్డు వాటి అడుగున ఉంది. దాన్ని మాత్రం వేళ్ళతో నెమ్మదిగా లాగి, బావగారు మూత పెట్టేశారు. ఆ పెట్టెలోనే పెట్టి పంపితే బాగుంటుంది కదా అని నేను అనబోయి ఊరుకున్నాను.

కస్టమర్ కేర్ అమ్మాయి చాలా మంచిది. ఇది వెటకారంగా అనడం లేదు. మూడు రకాల సంగీతాలు విన్నాక దొరికింది గానీ, దొరికాక ఓపిగ్గా మాట్లాడింది. ఆయన ఫోన్‌కి స్పీకర్ పెట్టి నేను జరిగిందంతా చెప్పాను. ఎడమవైపు ప్రిజం జారి ఉంటుంది, పంపించండి, చేసిపెడతాం అంది. బావగారు పక్కన కూర్చుని నా మోచెయ్యి గోకుతున్నారు. కుడివైపు ముట్టుకోవద్దని చెప్పు, బొట్ల సంగతి చెప్పు అని పెదాలతో సైగ. నేను చెప్పేలోపే ఆయనకి ఓపిక అయిపోయి ఫోన్ లాక్కున్నారు.

"మేడమ్, లెఫ్ట్ సైడ్ ఓన్లీ రిపేర్. రైట్ సైడ్ టూ రెడ్ డాట్స్ ఆర్ దేర్. ప్లీజ్ టేక్ కేర్ ఆఫ్ రెడ్ డాట్స్."

"రెడ్ డాట్స్, సర్? ఇన్‌సైడ్ ఆర్ అవుట్‌సైడ్?"

"అవుట్‌సైడ్, మేడమ్. వెరీ ఇంపార్టెంట్."

"డోంట్ వర్రీ సర్. వి విల్ టేక్ కేర్ ఆఫ్ ది రెడ్ డాట్స్."

ఆయన థాంక్యూ మేడమ్ అని ఫోన్ నా చేతికిచ్చి, చూశావా, ఒక్క ముక్కలో చెప్పేశాను అన్నట్టు నావైపు చూశారు. స్పెషల్ ఇంగ్లీషు చదివిన నేను కూడా బాగా చెప్పారు బావగారూ అన్నాను. ఆ అమ్మాయి కూడా కంప్యూటర్లో టకటకా కొట్టుకుంది. ముగ్గురం సంతోషంగా ఫోన్ పెట్టేశాం.

ప్యాకింగ్ ఆయనే చేశారు. టీవీ రిమోట్లు వచ్చేలాంటి అట్టపెట్టె ఒకటి తెచ్చి, దాన్నిండా కొబ్బరిపీచు కూరి, మధ్యలో గుడ్డు పెట్టినట్టు బైనాక్యులర్ పెట్టారు. కుడివైపు రింగు కదలకుండా దాని మీద మెత్తటి పాతచీర ముక్క చుట్టారు. ఎవరి చీరో అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు పార్సెల్ ఊళ్ళోకి సరిగ్గా రాదేమోనని మిల్లు అడ్రసు ఇచ్చాం.

అది అక్కడున్నన్నాళ్ళూ బావగారు నన్ను ఫోన్లో ఒకటే అడిగేవారు. ప్రిజం మార్చారా అని కాదు. "బొట్లు జాగ్రత్తగా చూస్తున్నారంటావా?" చూస్తారండీ, మాటిచ్చింది కదా ఆ అమ్మాయి అనేవాణ్ణి. మనవాళ్ళయితే నమ్మకం లేదుగానీ వీళ్ళు విదేశీ కంపెనీ, మాటంటే మాటే అనేవారు ఆయన.

తర్వాత ఒకరోజు మిల్లులో ఉండగా మెయిల్ వచ్చింది. మీ వస్తువు సిద్ధమైంది, పంపించేశాం, కింద రిపోర్టు చూడండి అని. చూశాను. కంప్లయింట్ ఒకటి, ఎడమ ప్రిజం జారింది, సరిచేయడమైనది. కంప్లయింట్ రెండు, బయటి భాగంపై ఎర్రచుక్కలు; తొలగించడమైనది, జిగురు ఆనవాళ్ళు కూడా లేకుండా శుభ్రపరచడమైనది. కుడి రింగు తిరిగి మధ్యకి తెచ్చి అమర్చడమైనది. ప్యాకింగ్‌లో వచ్చిన నారపదార్థం పారవేయడమైనది. ఇక మీదట అలాంటివి వాడవద్దని మనవి.

బయట ధాన్యం లారీ వెనక్కి వస్తోంది. ఎవరో రానీ రానీ అని అరుస్తున్నారు. నేను ఆ మెయిల్ మళ్ళీ చదివాను. చదువుకున్న ఇంగ్లీషంతా పెట్టి చదివినా వేరే అర్థం రాలేదు.

పార్సెల్ రాగానే విప్పకుండా స్కూటర్ ముందు పెట్టుకుని బయల్దేరాను. దారి పొడుగునా ఆయనకి ఎలా చెప్పాలా అని రకరకాలుగా అనుకున్నాను. నాకు జోకులు తప్ప ఇంకేవీ సరిగ్గా రావు, వాటిలో ఒక్కటీ పనికొచ్చేది లేదు. మలుపు దగ్గర చెయ్యెత్తాను. దగ్గరికొచ్చాక చూస్తే డాబా మీద నిజంగానే ఎవరో ఉన్నారు. బావగారే. పార్సెల్ కోసం చూస్తున్నారు. మలుపు దగ్గర ఎత్తిన చెయ్యి వట్టి కళ్ళతో ఆయనకి కనపడి ఉండదు.

డాబా ఎక్కి నేను చెప్పేలోపే ఆయన కత్తెర తెచ్చి విప్పేశారు. లోపల మెరిసిపోతూ కొత్తదానిలా ఉంది. ఎడమవైపు చూడనే లేదు. కుడి రింగు మీద బొటనవేలు పెట్టారు. వేలు అటూ ఇటూ జరిపారు. కళ్ళజోడు పెట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశారు. తర్వాత దాన్ని తిరగేసి సీరియల్ నంబర్ చూసి, మనదే, అన్నారు. అది వేరేవాళ్ళదై ఉంటే బాగుండునన్నట్టు ఉంది ఆ గొంతు.

అప్పుడు చెప్పాను. టేక్ కేర్ అంటే జాగ్రత్తగా చూసుకోవడమూ అవుతుంది, సంగతి తేల్చెయ్యడమూ అవుతుంది. మనం మాత్రం వాడి సంగతి నేను చూసుకుంటాను అంటే ఏ అర్థంలో అంటాం, అలాగన్నమాట అని. క్లాసులో పాఠంలా వచ్చింది. ఆయన మధ్యలో ఆపకుండా అంతా విన్నారు.

"అంటే ఆ అమ్మాయి మాట నిలబెట్టుకుంది" అన్నారు.

అవునండీ అన్నాను.

మాట మీద నిలబడేవాళ్ళతో వ్యవహారం ఇంత కష్టమని ఆయనకి తెలియదట. అదొక్కటే ఆయన చేసిన ఫిర్యాదు. తర్వాత బైనాక్యులర్ కళ్ళకి పెట్టుకుని రింగు తిప్పడం మొదలెట్టారు. ఈసారి రెండు కళ్ళూ తెరిచే. ఒకవైపు తిప్పారు, ఆగారు, ఇంకాస్త తిప్పారు. వెనక్కి వచ్చారు. రెండోవైపు తిప్పారు. కిందికి దించి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఎండకి నీళ్ళు కారుతున్నాయి అన్నారు. ఎండ అప్పటికి పోయింది.

"మసగ్గా ఉన్న చోటల్లా మీ అక్కదే అనిపిస్తోందోయ్. ఎటు తిప్పినా మసగ్గానే ఉంది."

ఆవిడకి సరిగ్గా కనపడే చోటేదో ఆవిడకే తెలియాలి. ఆయనకి తెలిసింది మసక ఒక్కటే, దానికి గుర్తులుండవు. ఒకే తల్లి పిల్లలు కదా, నీ కన్నుతో చూడు అని నాకిచ్చారు. చూశాను. నా రెండు కళ్ళూ సమానం. మధ్యలో కంపెనీవాడు పెట్టిన చోటే నాకు కొంగలు ఈకలతో సహా కనపడ్డాయి. అక్కవైపు కళ్ళు నాకు రాలేదని చెప్పాల్సొచ్చింది.

ఫోన్లో ఫొటోలు వెతికాం. ఆవిడ బైనాక్యులర్ పట్టుకున్నది ఒకటే దొరికింది, నేను కాలవగట్టు కొబ్బరిచెట్లని తీస్తుంటే పక్కన పడినది. పెద్దది చేసి చూశాం. ముక్కు, దండకడియం, నుదుటి మీద బొట్టు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. రింగు ఉండాల్సిన చోట ఆవిడ వేళ్ళున్నాయి.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. కస్టమర్ కేర్. అదే అమ్మాయో ఇంకొకరో, అంతే మర్యాద. వస్తువు చేరిందా సర్, ఎడమవైపు స్పష్టంగా ఉందా సర్ అని అడిగింది. యెస్ మేడమ్ అన్నారు. ఎర్రచుక్కలు పూర్తిగా పోయాయా సర్ అని అడిగింది.

ఆయన కొంచెంసేపు ఫోన్ వైపు చూశారు. "యెస్ మేడమ్. కంప్లీట్‌లీ" అన్నారు. అయిదుకి ఎంత ఇస్తారు సర్ అంటే, అయిదు అన్నారు.

ఆయన ఫోన్ జేబులో వేసుకున్నారు. కాలవ అవతల డాబా మీద ఎవరో ఎండిన బట్టలు తీస్తున్నారు. చూసి చెప్పేవాళ్ళు లేరు కాబట్టి ఎవరో తెలియదు. ఊరుకోలేని నాలుక కదా నాది, ఏదో ఒకటి చెయ్యాలనిపించి అన్నాను, దీనికింత ఆలోచన ఎందుకు బావగారూ, బీరువా అద్దం మీద అక్క బొట్లు వరసగా ఉన్నాయి, రెండు తెస్తాను, మళ్ళీ అంటిద్దాం అని. లేచి మెట్ల దాకా కూడా వెళ్ళాను.

వెనక నుంచి బావగారు అన్నారు:

"అంటిస్తావు సరే. ఎక్కడని అంటిస్తావోయ్?"